ఫిట్ అని రాసి ఇచ్చిన కాగితం

2019 జూన్ నెల. విశాఖపట్నం సీతమ్మధారలో ఒక పిల్లల డాక్టరుకీ ఒక కళ్ళజోళ్ళ దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉండే డయాగ్నస్టిక్ సెంటర్‌లో నేను ల్యాబ్ ఇన్‌ఛార్జిని. ఇన్‌ఛార్జి అంటే పెద్ద హోదా అనుకోకండి. ఏసీ పాడైతే మెకానిక్‌కి ఫోన్ చేసే బాధ్యత కూడా అందులోకే వస్తుంది. మైక్రోబయాలజీలో డిగ్రీ చేసి, ఆపైన ల్యాబ్ టెక్నాలజీ చదివి, అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా ఇతరుల రక్తం, మూత్రం మీద బతుకుతున్నాను. పెళ్ళిచూపుల్లో మా నాన్న ఈ సంగతి ఇంకోలా చెప్పేవారు.

రేవు పట్నం కాబట్టి మా దగ్గరకి వచ్చేవాళ్ళలో సగం మంది ఓడల మీద పనిచేసే సీమెన్. ఓడ ఎక్కబోయే ప్రతి మనిషికీ ముందు ప్రీ జాయినింగ్ మెడికల్ జరగాలి. అంటే కళ్ళు, చెవులు, ఛాతీ ఎక్స్‌రే, గుండె, బీపీ, షుగరు, మూత్రంలో మత్తుమందులు, రక్తంలో హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి. అన్నీ సవ్యంగా ఉంటే మా డాక్టరుగారు సర్టిఫికెట్ మీద ‘ఫిట్’ అని ముద్ర వేస్తారు. రక్తపరీక్షల పేజీ కింద సంతకం నాది.

ఆ కాగితానికి దక్కాల్సిన దానికన్నా ఎక్కువ గౌరవం దక్కుతోందని నాకు తెలుసు. మల్కాపురం వైపు సీమెన్ ఇళ్ళలో దాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పెడతారు. తొమ్మిది నెలలు దేశదేశాల రేవులు తిరిగొచ్చిన మొగుడు మళ్ళీ ఓడెక్కేముందు కొత్త సర్టిఫికెట్ తెస్తే, భార్య ముందుగా రక్తం పేజీ తిప్పుతుంది. ‘ఆ జబ్బుల’ ఎదురుగా నాన్ రియాక్టివ్, అంటే లేదు, అని ఉందో లేదో చూస్తుంది. ఇంట్లో అత్తగారుంటే ఆవిడా చూస్తుంది. ఒకాయన తమ్ముడి పెళ్ళి సంబంధం మాట్లాడడానికి జాతకంతో పాటు ఇదీ పట్టుకెళ్ళాడని విన్నాను. కుర్రాడు రంగులు గుర్తుపడతాడు, చెవులు వినపడతాయి, గంజాయి తాగడు. అల్లుడిలో అంతకంటే ఏం వెతుకుతారు అని నవ్వుకున్నాను. మేము ఉద్యోగం కోసం ఇచ్చే కాగితాన్ని వాళ్ళు శీలానికి వాడుకుంటున్నారని తెలిసి కూడా నవ్వుకుని ఊరుకోవడం నా మొదటి తప్పు.

రత్నం ఆ నెలలోనే వచ్చింది. అసలు పేరు అది కాదు. ముప్ఫై ఆరేళ్ళు. మల్కాపురంలో ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టేది. భర్త కనకరాజు, ఇదీ మార్చిన పేరే, ఓడలో ఆయిలర్. అంటే ఇంజన్ రూమ్‌లో యంత్రాలకి నూనె అందుతోందో లేదో చూసే పని. కూతురు ఏడో తరగతి. ఆయన మళ్ళీ ఓడెక్కడానికి పది రోజులుంది. ఆమెకి ఆరు నెలలుగా నెలసరికీ నెలసరికీ మధ్య ఎరుపు కనిపిస్తోంది. ఒకే ఆటోలో రెండు పనులూ అయిపోతాయని ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయన మా దగ్గర రక్తం ఇస్తుంటే, ఆమె మా పై అంతస్తులో ఉండే గైనకాలజిస్టు దగ్గరకి వెళ్ళింది.

పైన డాక్టరమ్మ గర్భాశయ ముఖద్వారం నుంచి చిన్న బ్రష్‌తో కణాలు తీసి మందు ఉన్న సీసాలో వేస్తారు. దాన్నుంచి రెండు పరీక్షలు. ఒకటి పాప్ స్మియర్, అంటే కణాల ఆకారం మారిందా అని చూడడం. రెండోది హెచ్‌పీవీ పరీక్ష, అంటే ఆ మార్పులు తెచ్చే వైరస్ ఉందా అని చూడడం. మా భవనంలో పద్ధతేమిటంటే, ఆ సీసాని పేషెంటే మెట్లు దిగి మాకు తెచ్చి ఇవ్వాలి. రత్నం దాన్ని చీర చెంగులో చుట్టి తెచ్చి, కౌంటర్ మీద పెట్టి, పైకెత్తి వెలుతురులో చూసింది.

"ఇదేటి మేడమ్‌గోరు, ఇంతోటి దానికి అంతసేపు పడుకోబెట్టినారు? జాకెట్టు కొలత తీసుకున్నా ఇంతకంటే బాగా కనపడతాది."

"మాకు కనపడుతుందిలెండి" అన్నాను.

"మీకు కనపడితే సాలు. నాకు సెప్పకండి, బయం."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. పేషెంటూ టెక్నీషియనూ కలిసి నవ్వుకున్న సందర్భాలు ల్యాబుల్లో అరుదు. అందుకే గుర్తుండిపోయింది.

ఆరో రోజుకి రిపోర్టులు వచ్చాయి. కనకరాజు ఫిట్. రత్నం రిపోర్టులో హెచ్‌పీవీ పదహారో రకం డిటెక్టెడ్ అని ఉంది. స్మియర్‌లో హెచ్‌సిల్ అని ఉంది. కణాల్లో తీవ్రమైన మార్పు వచ్చిందని, అది క్యాన్సర్ కాదు గాని ఆ దారిన బయల్దేరిందని దాని అర్థం. ఆ దశలో దొరకడం నిజానికి అదృష్టం. కాల్పోస్కోపీ అని, భూతద్దంలాంటి దానితో చూసి, మారిన చోటు వరకూ తీసేస్తారు. మత్తు కూడా అక్కడి వరకే. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు. చేసుకోకపోతే ఇంకా మంచిది.

మా సెంటర్‌లో రసీదు ఎవరు తెస్తే రిపోర్టు వాళ్ళకే. కనకరాజు రెండు రసీదులూ తెచ్చాడు. నేను రెండు కవర్లూ ఇచ్చాను. అక్కడే నిలబడి రెండూ విప్పాడు. తనది చదువుకుని ఒక కవర్లో పెట్టాడు. ఆమెది చదివి, ఫోన్ తీసి, ఏదో టైపు చేసి, కాసేపు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు. ఇంజన్ రూమ్‌లో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషికి మెల్లిగా మాట్లాడడం రాదు. ఆయన దృష్టిలో అది గుసగుసే అయివుంటుంది. హాల్లో కూర్చున్న పన్నెండు మందికీ వినపడింది.

"ఇది ఆడామగా కలిస్తే వచ్చీదేనా మేడమ్?"

"అవునండీ" అన్నాను.

"మరి నాను ఫిట్టే గదా?"

"మీరు ఫిట్టేనండీ."

ఆయన తల ఊపి, రెండు కవర్లూ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా ముందు ఇంకా ఏడుగురున్నారు. డాక్టరమ్మకి చూపించండి అని వెనక నుంచి ఒక కేక వేశాననే గుర్తు. వేశానని అనుకోవడం నాకు సౌకర్యం కూడా.

నేను చెప్పిన రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. ఆయన చేసిన లెక్కలోనూ తప్పు లేదు. ఆడామగా కలిస్తే వచ్చేది, మగాడి దగ్గర లేదు, కాబట్టి. ఆ ‘కాబట్టి’ దగ్గర నేను చెయ్యి అడ్డం పెట్టాల్సింది. ఫిట్ అన్న ఆ కాగితంలో ఈ వైరస్ ఊసే లేదు. వెతకలేదు, దొరకలేదు. అసలు మగవాళ్ళలో దీన్ని వెతకడానికి మామూలుగా చేసే పరీక్ష ఏదీ లేదు. చెప్పడానికి అర నిమిషం చాలు.

ఇంకో నిమిషం ఉంటే మిగతాది కూడా చెప్పి ఉండాల్సింది. ఇది చాలా మామూలు వైరస్. కాపురం చేసే మనుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉంటుంది. కలిసినప్పుడు చర్మానికి చర్మం తగిలితే చాలు, పాకుతుంది. కండోమ్ ఉంటే కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. వచ్చినట్టు తెలియదు. జ్వరం లేదు, దురద లేదు, మచ్చ లేదు. చాలామంది ఒళ్ళు దాన్ని ఏడాదికో రెండేళ్ళకో తనంతట తానే వదిలించుకుంటుంది. కొందరిలో మాత్రం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఈ రోజు కనపడిందంటే నిన్న వచ్చిందని కాదు. పదేళ్ళ కిందటిదీ కావచ్చు, పెళ్ళికి ముందు ఇద్దరిలో ఎవరికో ఒకరికి అంటినదీ కావచ్చు. మొగుడు ఇచ్చి మర్చిపోయి ఉండొచ్చు, తన ఒంట్లోంచి అది వెళ్ళిపోయీ ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికి, ఏ సంవత్సరంలో అని చెప్పగల యంత్రం మా దగ్గరే కాదు, ఎక్కడా లేదు.

వారం తిరక్కుండా రత్నం ఒంటరిగా వచ్చింది. మధ్యాహ్నం రెండున్నర, హాల్లో ఎవరూ లేరు. ఆ లోపల జరిగినదంతా నిలబడే చెప్పింది. కనకరాజు ఆ రోజు ఇంటికెళ్ళి ఆమెని ఒక్క మాట అనలేదట. రెండు కాగితాలూ తన తల్లి ముందు పక్కపక్కన పెట్టాడట. ఆవిడకి చదవడం రాదు. ఆయనే చదివి వినిపించాడు, ఆ గొంతుతో. వీధి మొత్తానికి విషయం అందడానికి వేరే ఏర్పాటు అవసరం లేకపోయింది. తర్వాత ఆయన ముంబై వెళ్ళి, అక్కణ్ణుంచి ఓడెక్కేశాడు. కూతుర్ని అత్తగారు తన దగ్గరే ఉంచుకున్నారు. రత్నం కుట్టుమిషన్ తీసుకుని కంచరపాలెంలో అన్నగారింటికి వచ్చేసింది.

"పైన డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళారా?" అని అడిగాను.

వెళ్ళలేదంది. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. కనకరాజు సర్టిఫికెట్, రక్తం పేజీ. కింద నా సంతకం.

"ఇలాటిది నాకూ ఒకటి ఇయ్యండి మేడమ్‌గోరు."

"ఎలాంటిది?"

"నాను ఏ తప్పూ సెయ్యనేదని. ఆయనకి ఇచ్చినారు గదా."

అలవాటైన నోరు నాది. పదిమంది సీమెన్‌తో రోజూ వాదించి వాదించి, ఏ మాటకైనా ముందు ఒక చమత్కారం బయటికొస్తుంది, తర్వాతే ఆలోచన. "ఆ ప్యాకేజీ మా దగ్గర లేదమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఫోన్ మెల్లిగా సంచిలో పెట్టుకుంది. నాకు అప్పుడు బుద్ధి వచ్చి, బల్ల అవతలికి వెళ్ళి ఆమెని కూర్చోబెట్టి, వైరస్ గురించి పైన రాసినదంతా చెప్పాను. ఆయన సర్టిఫికెట్‌కీ దీనికీ సంబంధం లేదని మూడుసార్లు చెప్పాను. మంచి శ్రోత. అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది.

"అయితే ఇది ఆయన్నించే వచ్చిందని రాసిస్తారా?"

"అలా రాయలేం. ఎవరి నుంచో చెప్పలేం."

"మరి నా మీదైతే ఎలగ రాసీసినారు?"

మీలో ఉందని రాశాం గాని మీరు తెచ్చారని రాయలేదు అన్నాను. ఆ తేడా నాకు స్పష్టంగానే ఉంది. మల్కాపురంలో ఆమె వీధికి ఆ తేడా వినపడేంత గట్టిగా చెప్పే గొంతు మాత్రం నాకు లేదు.

అసలు ప్రమాదం అప్పుడు చెప్పాను. ఇదంతా పక్కన పెట్టండి, ముందు ఆ మారిన కణాలు తీయించుకోండి, ఆలస్యమైతే క్యాన్సర్ అవుతుంది అన్నాను. ఆ మాట నేను అంత సూటిగా ఎవరితోనూ అనను. ఆమె బెదరలేదు. చాలాసేపు ఆలోచించినట్టున్న మాట ఒకటి చెప్పింది.

"ఇప్పుడు నాను ఆ మంచమెక్కి వైద్దిగం సేయించుకున్నాననుకోండి, ఒప్పీసుకున్నట్టే గదా. జబ్బుంది కాబట్టే ఎల్లినాది అంతారు. ఆయనే రావాల. తొమ్మిది నెల్లయితే దిగుతాడు. ఆయనే నన్ను ఈ మెట్లు ఎక్కించాల, అందరూ సూత్తుండగా. అప్పుడు సేయించుకుంతాను."

నేను పైకి పరిగెత్తి డాక్టరమ్మని తీసుకొచ్చాను. ఆవిడ అరగంట మాట్లాడారు. రత్నం ఆవిడకి దండం పెట్టి, తొమ్మిది నెలలే గదమ్మా అంది. తొమ్మిది నెలలంటే ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన నాటి నుంచీ కాలాన్ని అలాగే కొలుచుకుంటోంది. అన్నిసార్లూ ఆయన చెప్పిన నెలకి దిగాడు.

కనకరాజు ఫారంలో నంబరుంది. పేషెంట్ల ఇళ్ళకి ఫోన్లు చేసి కాపురాలు సర్దడం ల్యాబ్ ఇన్‌ఛార్జి పనుల్లో లేదు. అయినా మెసేజ్ పెట్టాను. మూడు వారాలకి ఏదో రేవులో సిగ్నల్ దొరికి ఆయనే ఫోన్ చేశాడు. నేను అర నిమిషం మాటా చెప్పాను, దాని వెనక నిమిషం మాటా చెప్పాను. సర్టిఫికెట్‌లో ఆ పరీక్షే లేదన్నాను.

"ఈ ముక్క ఆ రోజు కౌంటర్ కాడ సెప్పుంటే, నాను మాయమ్మ ముందర ఆ కాయితాలు పెడుదునా మేడమ్?" అన్నాడు. జీవితంలో ఆయన మెల్లిగా మాట్లాడడం అదే మొదటిసారి అయివుండాలి.

ఆయన తప్పు దిద్దుకోవడానికి ప్రయత్నించాడు, అది ఒప్పుకోవాలి. తల్లికి ఫోన్ చేశాడు. పెళ్ళాం ఏడ్చి చెప్పించి ఉంటుందని ఆవిడ కొట్టిపారేసింది. రత్నానికి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళమన్నాడు. ఆ మాట నాకు ఆమే ఫోన్లో చెప్పింది. నీ తప్పు లేకపోవచ్చు అన్నాడట. "‘లేకపోవచ్చు’ అన్నాడండి. ‘లేదు’ అన్నేదు" అంది. ఆయనకి ఆ ‘పోవచ్చు’ నేర్పింది నేనే. విజ్ఞానశాస్త్రం అంతవరకే చెప్పగలదు. ఆమెకి అది చాలలేదు. చాలాలని నేను ఎలా అనగలను?

కనకరాజు దిగాల్సింది 2020 మార్చి ఆఖరున. ఆ నెలలో ఏమైందో మీకందరికీ తెలుసు. ప్రపంచంలో ఏ రేవూ ఓడ మీది మనిషిని నేల మీద కాలు పెట్టనివ్వలేదు. కాంట్రాక్టు పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. మా ల్యాబ్‌లో మేము ముక్కుల్లో పుల్లలు పెట్టడం తప్ప వేరే పని లేని మనుషులమయ్యాం. నెలకోసారి రత్నానికి ఫోన్ చేసేదాన్ని. మొదట్లో ఎత్తేది. మాస్కులు కుడుతున్నానని, బాగా గిరాకీగా ఉందని, మీకో పది పంపనా అని అడిగేది. ఎరుపు ఎలా ఉంది అంటే, అలాగే ఉన్నాది అనేది. తర్వాత్తర్వాత ఎత్తడం మానేసింది. డాక్టరమ్మ ఒకసారి మనిషిని పంపారు. అన్నగారు గుమ్మంలోనే ఆపి, ఆడపిల్ల పరువు ఇంక తియ్యకండి అని పంపేశారు.

ఆయన పద్దెనిమిది నెలలకి దిగాడు. 2020 డిసెంబర్లో ఒక పొద్దున మా గాజు తలుపు అవతల ఆటో ఆగింది. కనకరాజు ఆమెని రెండు చేతులతో పట్టుకుని దింపాడు. హాల్లో జనం ఉన్నారు. అందరూ చూస్తుండగానే మెట్లెక్కించాడు. మధ్యలో రెండుసార్లు ఆగి, చివరి ఆరు మెట్లూ ఎత్తుకునే వెళ్ళాడు. చీర వెనకంతా తడిసి ఉంది. ఎరుపు కనపడడం అనే దశ ఎప్పుడో దాటిపోయింది.

గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్, మూడో దశ, బి. కటి ఎముక గోడదాకా పాకింది. మామూలుగా ఇంత తొందరగా ముదరదు. కొందరికి ముదురుతుంది. ఇక కోసి తీసేసే అవకాశం లేదు. రేడియేషన్, దానితో పాటు వారానికోసారి కీమో. పద్దెనిమిది నెలల కిందట ఒక పూట పని.

ఆ తర్వాత రత్నం నాకు ఎక్కువగా ట్యూబుల్లోనే కనిపించింది. కీమోకి ముందు ప్రతి వారం రక్తం చూడాలి. కనకరాజు తెచ్చేవాడు. హీమోగ్లోబిన్ తొమ్మిది, ఎనిమిది, ఏడున్నర. క్రియాటినిన్, అంటే మూత్రపిండాల పని చెప్పే అంకె, ఒకటిన్నర దగ్గర ఆగింది. రేడియేషన్ అయ్యాక కొన్నాళ్ళు అంకెలు మంచిగా నడిచాయి. ఆమె మల్కాపురం ఇంట్లోనే మళ్ళీ కుట్టుమిషన్ ఎక్కిందని, అత్తగారే దారం ఎక్కించి ఇస్తోందని ఆయన చెప్పాడు. ఆ అత్తగారు మాత్రం ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదట. మన ఇళ్ళలో క్షమాపణ సాధారణంగా సూదిలో దారం ఎక్కించేంత వరకే వస్తుంది.

ఆ రోజుల్లోనే ఒకసారి కనకరాజు కౌంటర్ ఖాళీ అయ్యేదాకా కూర్చుని నా దగ్గరకి వచ్చాడు. పెళ్ళికి రెండేళ్ళ ముందు, మొదటి ఓడ మీద, ఒక రేవులో ఒకే ఒక్కసారి, అని మొదలుపెట్టాడు. చెప్పనక్కర్లేదని చెయ్యి ఎత్తాను. ఆయన ఆగలేదు. అంతా చెప్పి అడిగాడు.

"నా వల్లే వచ్చిందంతారా మేడమ్?"

"తెలీదండీ" అన్నాను.

"సెప్పీండి. పర్వానేదు. నా వల్లే అని ఎవులైనా సెప్పేస్తే కొంచెం..." అని ఆగిపోయాడు.

రెండేళ్ళ కిందట ఆమె నా దగ్గర కోరిన కాగితం ఇప్పుడు ఈయనకి కావలసి వచ్చింది. ఆమెకి తన తప్పు లేదని కావాలి, ఈయనకి తనదే తప్పని కావాలి. ఇద్దరికీ నా దగ్గర ఒకటే జవాబు. తెలీదు, తెలుసుకునే దారి లేదు. ఈసారి నా నోటికి చమత్కారమేదీ తోచలేదు. ఆయనకి ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చాను.

రత్నాన్ని నేను చివరిసారి చూసింది 2022 జులైలో. జబ్బు తిరగబెట్టి, క్రియాటినిన్ నాలుగు దాటింది. చెయ్యి పట్టుకుంటే నరం దొరకడం లేదు. నేనే కూర్చుని వెతికాను. మూడోసారి గుచ్చుతుంటే, ఆమె నా ముఖం చూసి, "మీరు బయపడకండి మేడమ్‌గోరు" అంది. తర్వాత కనకరాజు వైపు చూపు తిప్పి, నాతోనే చెప్పింది.

"ఈయన రోజూ అడుగుతాడండి, నా వల్లేనా, నా వల్లేనా అని. ఇద్దరం పడుకున్నది ఒక్క గదిలో. దోమ ఏ కిటికీలోంచి వచ్చిందో ఎవులు సూసినారు? తోలుకోవాల, అంతే. నాను తోలుకోనేదు."

కనకరాజు గోడ వైపు తిరిగాడు. ట్యూబులోకి రక్తం వచ్చింది. దూది అద్ది, చెయ్యి మడవమన్నాను. కూతురికి ఆ వైరస్ రాకుండా టీకా ఉందట గదా అని ఆమే ఎత్తింది. ఉంది, ఆ వయసు పిల్లలకైతే ఇంకా బాగా పనిచేస్తుంది అన్నాను. "ఏయించీండి. రేపు ఆ గుంట ఎవులి కాడకీ కాయితం కోసం ఎల్లకూడదు" అంది.

అక్టోబర్లో పోయింది. మూడు మోతాదుల టీకాలో రెండు అప్పటికి అయిపోయాయి. డాక్టరమ్మే దగ్గరుండి వేశారు.

ఈ ఉద్యోగంలో నాకు తెలిసిన విషయాల జాబితా రాయమంటే పెద్దదే అవుతుంది. ఈ కేసు నేర్పింది మాత్రం చిన్నది. రిపోర్టులో ఉన్నది చెప్పడం సగం పని. రిపోర్టులో లేనిది కూడా నోరు తెరిచి చెప్పాలి, మనుషులు చదువుకునేది అక్కడే కాబట్టి. ఆడవాళ్ళ రిపోర్టు ఇప్పుడు రసీదు ఎవరు తెచ్చినా ఇవ్వం. ఆమె చేతికే ఇస్తాం. ‘డిటెక్టెడ్’ అని ఉంటే, వీలైతే ఇద్దరినీ కూర్చోబెట్టి పైన డాక్టరమ్మ చెప్తారు. ఓడ ఎక్కేవాళ్ళకి నేను స్వయంగా ఒక ప్రసంగం ఇస్తాను. ఒకటిన్నర నిమిషం పడుతుంది. సర్టిఫికెట్ మా డాక్టరుగారి చేతిలోనే ఉంచి, అది పూర్తయ్యాకే ఇప్పిస్తాను. నాకు వెనకాల ఒక పేరు కూడా పెట్టారని విన్నాను. మర్యాదైనది కాదు.

రత్నం పోయాక కనకరాజు ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేరి, కూతురు పదో తరగతి అయ్యేదాకా ఊళ్ళోనే ఉన్నాడు. పిల్ల హాస్టల్‌లో చేరాక, 2023లో మళ్ళీ ఓడకి దరఖాస్తు పెట్టుకుని మెడికల్‌కి వచ్చాడు. మామూలుగానే కళ్ళు, చెవులు, రక్తం. అన్నీ బాగున్నాయి. మా డాక్టరుగారు ముద్ర వేశారు. ఆ రోజు సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తూ ఆయన పక్కన ఇంకో సీమెన్ ఉన్నాడు. పాతికేళ్ళవాడు, కొత్తగా పెళ్ళయినవాడు. నేను నా ప్రసంగం మొదలుపెట్టాను. ఈ కాగితంలో ఫలానా పరీక్షలు ఉన్నాయి, ఫలానాది లేదు, మగవాళ్ళలో దానికి పరీక్షే లేదు, దీన్ని పట్టుకెళ్ళి ఇంట్లో ఎవరి ముందూ పెట్టకండి అన్నాను. కనకరాజు తల వంచుకుని, మొదటిసారి వింటున్నట్టే విన్నాడు. ఆయన ఉండగా చెప్పడం నాకు కష్టంగానే ఉంది. ఆపడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

సగంలో ఆ కొత్త పెళ్ళికొడుకు లేచి నిలబడి, ఓడ ఎక్కించే ఏజెంటు ఎదురుచూస్తున్నాడని, కాగితం ఇచ్చేస్తే వెళ్తానని అన్నాడు.

కనకరాజు అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు.

"కూకో బావ. ఆ ముక్క పూర్తిగా ఇని ఎల్లు."

అతను కూర్చున్నాడు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.